దర్బారు కన్నా బస ముందు

రామగుండం, గోదావరిఖని వాళ్లకు గోదావరి అంటే బొగ్గుబావుల పక్కన పారే నది. ఆ నది ఎగువన, మంచిర్యాల జిల్లా జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు ఏటా కొందరు నీళ్ల కోసమే నడిచి వస్తారు. వాళ్లు ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో నాగోబాను కొలిచే మెస్రం వంశపు గోండులు. ఝారీ అనే పాత్రలో నీళ్లు ముంచుకుని మళ్లీ కాలినడకనే తిరిగి వెళ్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ జలంతోనే నాగోబాకు అభిషేకం, జాతరకు ఆరంభం. పత్రికల్లో ఈ జాతర పేరు చెప్పగానే అధికారుల దర్బారు ముందుకొస్తుంది. కానీ జాతరను ఇన్నాళ్లు నిలబెట్టింది దర్బారు కాదు. మర్రిచెట్ల కింద వంశమంతా కలిసి చేసే బస, దానికి తోడుండే వాద్యం.

బస అంటే గుడారం వేసుకుని పడుకోవడం కాదు, ఎవరి పని ఏమిటో తేల్చుకోవడం. వేలమంది దిగినా పొయ్యిలు 22 మాత్రమే. వాటి మీదే వంతులవారీగా వండుకోవాలి. పూజకు కావాల్సిన కుండలు చేసి ఇచ్చే పని సిరికొండ కుమ్మరులది. కొత్త కోడళ్లు తెల్లచీరలు కట్టుకుని భేటింగ్ అనే వేడుకలో దేవుడి ముందుకు వస్తేనే వంశంలో కలిసినట్టు. డోలు, పెప్రె, కాలికోమ్ మోగుతుంటే కొలువు సాగుతుంది. వంశగాథలను కిక్రి అనే తంత్రీవాద్యం మీద పాడే హక్కూ బాధ్యతా గోండుల గాయకులైన ప్రధాన్‌లవి. గాథ గ్రంథంగా కాక గొంతుల్లో నిలిచిన సమాజంలో ఆ పాటే దస్తావేజు. దాన్ని వినోదం కింద లెక్కగడితే జాతర సగం అర్థం కానట్టే.

దర్బారు లేకపోతే ఈ జాతర ఊరి పొలిమేర దాటేదా అని అడగవచ్చు. ప్రశ్న సబబే. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమురం భీం నేలకొరిగాక, గోండుల పరిస్థితిని అధ్యయనం చేసే పనిని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌కు అప్పగించింది. ఆయన చొరవతోనే ఆ దశాబ్దంలో కేస్లాపూర్‌లో దర్బారు మొదలైంది. భూమి, అడవి గొడవలను అధికారుల ముందు చెప్పుకునే వేదిక అలా దొరికింది. అయితే ఆ చోటే ఎందుకు? దూరదూరపు గూడేల జనం అప్పటికే అక్కడికి వచ్చి బస చేసేవాళ్లు కాబట్టి. జనం పోగైన చోటికి సర్కారు వచ్చింది తప్ప, సర్కారు పిలిస్తే జనం పోగవలేదు.

బస్సులు, మైకులు, దుకాణాలు వచ్చాక పాత కట్టు ఇంకా మిగిలిందా అన్నది ఇంకో అభ్యంతరం. గోదావరిఖనిలో నది ఒడ్డున జరిగే సమ్మక్క సారలమ్మ జాతరతో పోల్చి చూస్తే జవాబు తేలుతుంది. ఉద్యోగం కోసం పలు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కార్మికుల జాతర అది. పనులు పంచుకోవడానికి అక్కడ ఒకే వంశం లేదు, కాబట్టి ఏర్పాట్ల భారం సంస్థల మీద పడటం సహజం. అది లోపమేమీ కాదు. కేస్లాపూర్‌లో ఆ భారం ఇప్పటికీ వంశానిదే. 2022లో పూర్తయిన నాగోబా కొత్త రాతి గుడిని మెస్రం కుటుంబాలు సొంతంగా చందాలు వేసుకుని కట్టించాయి. సర్కారు రోడ్లు, నీళ్లు, వైద్యం చూసుకోవాలి. అది దాని విధి. పొయ్యిల వంతునూ పాటల వరుసనూ మాత్రం వంశానికే వదిలేయాలి. ఆ రెండూ పోయిన రోజున దర్బారుకు అర్జీలు రావచ్చు గానీ, జాతర అనేది ఉండదు.