53-ఎన్ సీసా తరవాత

1899 ఆగస్టు 10న బొంబాయి గవర్నర్ లార్డ్ శాండ్‌హర్స్ట్ పరేల్‌లోని పాత గవర్నమెంట్ హౌస్‌లో ప్లేగు పరిశోధనశాలను ప్రారంభించాడు. ఇవాళ్టి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ అదే. 125 ఏళ్లు నిండాయి. ఆ బంగళా మొదట క్రైస్తవ పాదరీలది. తరవాత ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చి గవర్నర్ల నివాసమైంది. 1882లో గవర్నర్ జేమ్స్ ఫెర్గూసన్ భార్య ఆ ఇంట్లోనే కలరాతో పోయింది. దాంతో గవర్నర్లు ఆ గడప తొక్కడం మానేసి మలబార్ హిల్ చేరుకున్నారు. అంటురోగానికి జడిసి దొరలు ఖాళీ చేసిన ఇంట్లోకి అంటురోగాల ప్రయోగశాల వచ్చి కూర్చుంది.

ఉత్సవ సంచికల్లో సాధారణంగా సంస్థ గొప్పలే రాస్తారు. నేను ల్యాబ్ సైన్స్‌లో ఎం.ఎస్సీ. పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి నా చూపు వేరే చోట ఆగుతుంది. ఈ సంస్థను నిలబెట్టిన వాల్డెమార్ హాఫ్‌కిన్ డాక్టరు కాదు. 1860లో ఒడెస్సాలో పుట్టిన యూదుడు, చదివింది జంతుశాస్త్రం. పారిస్‌లోని పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదట దొరికింది లైబ్రరీలో ఉద్యోగం. అక్కణ్ణుంచి ప్రయోగశాల బల్ల దాకా వెళ్లి, 1892లో కలరా టీకా తయారుచేసి ముందు తనే వేయించుకున్నాడు. మరుసటి ఏడాది ఇండియా వచ్చాడు. ఇక్కడి ప్రభుత్వ వైద్యశాఖ నిండా పట్టా పుచ్చుకున్న ఇండియన్ మెడికల్ సర్వీస్ (ఐ.ఎం.ఎస్.) అధికారులు. మందు తెలిసినవాడు వైద్యుడు కాకపోవడం వాళ్లలో చాలామందికి మింగుడుపడలేదు.

1896 సెప్టెంబరులో మాండ్వీలో డాక్టర్ వీగస్ ప్లేగు కేసును గుర్తించాడు. అక్టోబరుకల్లా హాఫ్‌కిన్ బొంబాయిలో ఉన్నాడు. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఆయనకు ఇచ్చింది ఒక గది, ఒక వసారా. ఆయన వాడిన మీడియం గురించి మన తెలుగు పిల్లలకు చెబితే కళ్లు మెరుస్తాయి. మేకమాంసంతో చేసిన బ్రాత్ మీద నాలుగు నేతిబొట్లు వేసి, ప్లేగు సూక్ష్మజీవిని అందులో పెంచాడు. గోమాంసం, పందిమాంసం జోలికి పోకపోవడం ఈ దేశపు జనాన్ని దృష్టిలో పెట్టుకునే. నేతిబొట్టు అడుగు పట్టుకుని సూక్ష్మజీవుల గుంపు బొర్రా గుహల్లో వేలాడే సున్నపురాతి ఊడల్లా కిందికి దిగుతుంది. ఫ్లాస్కు కదిపితే రాలిపోతుంది, అందుకే కదపకూడదు. మైక్రోబయాలజీ వైవాల్లో ‘ఘీ బ్రాత్’ ఇప్పటికీ అడుగుతారు. జవాబు చెప్పే కుర్రాళ్లలో చాలామందికి అది పరేల్ చరిత్రలో ముక్క అని తెలియదు.

1897 జనవరి 10న ఆ టీకాను కూడా మొదట తనకే వేయించుకున్నాడు. నెలాఖరున బైకుల్లా జైల్లో ప్లేగు బయటపడితే ముందుకొచ్చిన ఖైదీలకు వేశాడు. ఆ జైలుకి దగ్గర్లోనే కామాఠిపుర. ఆ పేరు ఇళ్లు కట్టడానికి నిజాం ఇలాకా నుంచి వలసెళ్లిన మన తెలుగు కూలీల నుంచి వచ్చిందే. తరవాతి కాలంలో పరేల్ చుట్టుపక్కల మిల్లుల్లో మగ్గం పనికి చేరిన పద్మశాలీలను కూడా కలుపుకుంటే, ఈ ప్రయోగశాల పెరిగింది మనవాళ్ల వాడల మధ్యే.

ఇక అసలు సంగతి. 1902 అక్టోబర్ 30న పంజాబ్‌లోని మల్కోవాల్ అనే ఊళ్లో 107 మందికి ప్లేగు టీకాలు వేశారు. ఆ రోజు తెరిచినవి ఐదు సీసాలు. నాలుగింటి మందు పడినవాళ్లు బాగానే ఉన్నారు. 53-ఎన్ అనే నంబరున్న సీసా మందు పడిన 19 మందీ ధనుర్వాతంతో చనిపోయారు. విచారణ సంఘం తప్పు పరేల్ మీదికే తోసింది. తయారీ వేగం పెంచడానికి హాఫ్‌కిన్ కార్బాలిక్ ఆమ్లం కలపడం మాని వేడిచేయడం మీదే ఆధారపడ్డాడని, మలినం అక్కడే చేరి ఉంటుందని దాని తీర్పు. ఆయన పదవి పోయింది, లండన్ వెళ్లిపోయాడు.

తరవాత నిపుణులు సాక్ష్యాలను మళ్లీ ఒక్కొక్కటీ తిరగేశారు. సీసా బిరడా తీసే ఫోర్సెప్స్ ఆ రోజు సహాయకుడి చేతిలోంచి నేల మీద పడింది. అతను దాన్ని కార్బాలిక్ నీళ్లలో ఒకసారి ఆడించి, అదే ఫోర్సెప్స్‌తో 53-ఎన్ తెరిచాడు. ధనుర్వాతం స్పోర్లకు ఆ మాత్రం ఆడింపు ఒక లెక్కా? పైగా ఆ సూక్ష్మజీవి మూసిన సీసాలో వారాల తరబడి పెరిగి ఉంటే బిరడా తీయగానే కంపు కొట్టాలి. తెరిచినప్పుడు చెడువాసన లేదు. ముందే విషం తయారై ఉంటే లక్షణాలు వెంటనే రావాలి. రోజులు పట్టింది. ఈ లెక్కలన్నీ పేర్చి, 1907 జులైలో లండన్ టైమ్స్ పత్రికకు పదిమంది శాస్త్రవేత్తలు లేఖ రాశారు. వాళ్లలో ముందు నిలబడ్డవాడు రోనాల్డ్ రాస్, పదేళ్ల కిందట సికింద్రాబాద్ బేగంపేటలో దోమ కడుపులో మలేరియా గుట్టు పట్టినవాడు. ప్రభుత్వం దిగొచ్చింది. హాఫ్‌కిన్ కలకత్తాకి తిరిగొచ్చాడు కానీ పరేల్ మాత్రం మళ్లీ ఆయన చేతికి రాలేదు.

పోస్టుగ్రాడ్యుయేట్ ల్యాబ్ చదువులో ఏముంటుందని తల్లిదండ్రులు అడిగితే నేను ఈ కథే చెబుతాను. రక్తం తీయడం, మిషన్లో పెట్టడం డిప్లొమా పిల్లలు కూడా చక్కగా చేస్తారు. సీసాకి నంబరు ఉండబట్టే 19 మరణాలూ ఒకే సీసావని తేలింది. నంబరు తరవాత మొదలయ్యే ప్రశ్నల కోసమే రెండో డిగ్రీ. ఉదాహరణకి రోజూ పొద్దున్నే రోగుల శాంపిళ్లకు ముందు కంట్రోల్ సీరం నడుపుతారు. ఆ విలువను లెవీ-జెన్నింగ్స్ చార్టులో చుక్కగా పెడతారు. ఏ చుక్కా హద్దు గీత దాటలేదు, అంతా బాగుందనుకుంటాడు కొత్తవాడు. వరసగా పది చుక్కలు సగటు గీతకి ఒకే పక్కన పడితే మిషను ఒకవైపు జారుతున్నట్టే. రియేజెంట్ లాట్ మారిందా, క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేశారు, ఫ్రిజ్ తలుపు రాత్రి సరిగ్గా పడిందా అని వెనక్కి వెతకాలి. ఈలోగా బయటికి వెళ్లిపోయిన షుగర్, క్రియాటినిన్ రిపోర్టుల సంగతేమిటి? ఎన్ని వెనక్కి పిలవాలి? ఆ నిర్ణయం తీసుకోవడానికి ధైర్యం కూడా కావాలి. దాన్ని సిలబస్‌లో ఏ పేపరు కింద పెట్టాలో నాకు ఇప్పటికీ తోచదు.

పరేల్ ఆ దెబ్బతో మూతపడలేదు. ప్లేగు ఎలా పాకుతుందో తేల్చింది అక్కడి పనే. గ్లెన్ లిస్టన్ ఎలుక మీది ఫ్లీ పురుగులను అనుమానించాడు. తరవాత ప్లేగు కమిషన్ అక్కడే బోనుల్లో గినీపందులను పెట్టి చూసింది. నేల మీద ఉన్నవి జబ్బుపడ్డాయి, ఫ్లీ గెంతలేనంత ఎత్తున వేలాడదీసినవి బతికాయి. ఎలుకలు రాలితే ఊరొదిలి పొలాల్లో గుడిసెలు వేసుకున్న మన రాయలసీమ పెద్దలకు ఆ సంగతి అనుభవంతో తెలుసు, కారణం మాత్రం ఈ బోనుల దగ్గర తేలింది.

1906లో సంస్థ బొంబాయి బాక్టీరియలాజికల్ లేబొరేటరీ అయింది. 1925లో హాఫ్‌కిన్ పేరు పెట్టారు. అప్పటికాయన యూరప్‌లో బతికే ఉన్నాడు, 1930లో పోయాడు. 1932లో సాహిబ్ సింగ్ సోఖే డైరెక్టరయ్యాక సల్ఫా మందులతో ప్లేగు చికిత్స మీద పెద్ద పని జరిగింది. పాము విషానికి విరుగుడు తయారీ కూడా అక్కడి కీర్తే. 1970లలో మందుల ఉత్పత్తి విడిపోయి ప్రభుత్వ కార్పొరేషన్ అయింది. శిక్షణ, పరిశోధన, పరీక్షలు పాత సంస్థకి మిగిలాయి. ముంబై విశ్వవిద్యాలయం కింద పరిశోధన పద్ధతిలో ఎం.ఎస్సీ., పీహెచ్.డీ. చేయించడం ఆ వారసత్వమే.

ఈ దారిలోకి రావాలనుకునే తెలుగు పిల్లలకు దార్లు చాలా ఉన్నాయి. బి.ఎస్సీ. ఎం.ఎల్.టీ. తరవాత బయోకెమిస్ట్రీ, హెమటాలజీ, మైక్రోబయాలజీల్లో ఒకదాన్ని పట్టుకుని ఎం.ఎస్సీ. చెయ్యొచ్చు. వైద్యకళాశాలల్లో మూడేళ్ల మెడికల్ ఎం.ఎస్సీ.లు ఉన్నాయి. అమెరికా అయితే ఏ.ఎస్.సీ.పీ. పరీక్ష, బ్రిటన్ అయితే హెచ్.సీ.పీ.సీ. నమోదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ల్యాబ్ వృత్తికి కూడా చట్టబద్ధమైన చోటిచ్చింది.

అయినా ఒక తగువు తెగలేదు. రిపోర్టు కింద సంతకం ఎవరిది? క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనలకు కేంద్రం 2020లో చేసిన సవరణ ప్రకారం, తగిన అనుభవమున్న ఎం.ఎస్సీ. వ్యక్తి తన విభాగం పరీక్షల మీద సంతకం చెయ్యొచ్చు, వ్యాఖ్యానం మాత్రం రాయకూడదు. రోగిని చూసేది డాక్టరే కాబట్టి రోగనిర్ధారణ ఆయనదే, అందులో నాకు పేచీ లేదు. కానీ ‘ఈ శాంపిల్ హీమోలైజ్ అయింది, పొటాషియం విలువ నమ్మొద్దు’ అన్న వాక్యం వ్యాఖ్యానమా, ఫలితంలో భాగమా? బల్ల దగ్గర నిలబడ్డవాడే దాన్ని రాయగలడు. ఈ నిబంధనలు 1899లో ఉండి ఉంటే, జంతుశాస్త్రం చదివిన హాఫ్‌కిన్ పరేల్ రిపోర్టుల మీద అంకెలు వేసి ఊరుకోవాల్సి వచ్చేది.