జున్నుపాల పేరున్న గ్రంథి

పుర్రె అడుగున, ముక్కుకు వెనక, శనగగింజంత ఉంటుంది పిట్యూటరీ. మన పాఠ్యపుస్తకాల్లో అది పీయూష గ్రంథి. పీయూషమంటే అమృతమని మాత్రమే అనుకునేవాణ్ణి. నిఘంటువు తిరగేస్తే ఇంకో అర్థం దొరికింది: అప్పుడే ఈనిన ఆవు పాలు. అంటే జున్నుపాలు! తల్లికి పాలు పడేట్టు చేసే ప్రొలాక్టిన్ ఊరేది ఆ గ్రంథిలోనే. ఇంత చక్కగా కుదిరిన శాస్త్రపదం నాకు మరొకటి తగల్లేదు. పిట్యూటరీ అన్న లాటిన్ మాటకు మూలం కఫం. మెదడులోని కఫం దీన్నుంచే ముక్కులోకి దిగుతుందని ప్రాచీన వైద్యుడు గాలెన్ చెప్పాడు. 1600ల్లో ష్నైడర్ కాదనేదాకా లోకం అదే నమ్మింది.

ఈ గ్రంథి కథలో నాకు మహా ఇష్టమైన కాలం 1954 నుంచి 1971 దాకా. ఆ కథను కృషి విజ్ఞాన కేంద్రం ఉన్న గరికపాడు నుంచే ఎత్తుకుంటాను. సజ్జ కంకికి పట్టే తేనెబంక మెట్ట రైతుకు చెప్పనక్కర్లేదు. పూత మీద ముసురు పడితే గులాబీ రంగు బంక చుక్కలు కారి వేలికంటుకుంటాయి. తర్వాత గింజ ఉండాల్సిన చోట నల్లటి గట్టి ముక్క మిగులుతుంది. విత్తనాన్ని ఉప్పునీళ్లలో పోస్తే ఆ ముక్కలు పైకి తేలతాయి, తీసి పారేస్తారు. ఇది ఎర్గాట్ అనే శిలీంధ్రం. 1959లో దక్షిణ రొడీషియాలో ఈ సజ్జ ఎర్గాట్ కలిసిన దాణా తిన్న పందులు ఈనాయి గాని, వాటికి పాలు పడలేదు.

దీని అన్న రై ధాన్యానికి పట్టే ఎర్గాట్. దాని సారం ఎలుకల్లో గర్భం నిలవనివ్వడం లేదని 1954లో రెహోవోత్‌లో షెలెస్న్యాక్ గమనించాడు. అదే ఏడాది బోస్టన్‌లో ఆల్‌బ్రైట్ బృందం, కాన్పు లేకుండానే పాలు కారుతూ నెలసరి ఆగిన స్త్రీల గురించి రాసింది. వాళ్లలో కొందరికి పిట్యూటరీలో గడ్డ ఉంది. బాసెల్‌లోని శాండోజ్ కంపెనీలో ఫ్లూకిగర్ బృందం ఎర్గాట్ సారానికి బ్రోమిన్ తగిలించి, ప్రొలాక్టిన్‌ను ఆపే బ్రోమోక్రిప్టిన్ చేసింది. పావురం తన పిల్లల కోసం గొంతులో ఊరించే పాల వెనక ప్రొలాక్టిన్ ఉందని 1930ల్లోనే తెలుసు. మనుషుల్లో అది వేరే హార్మోన్‌గా ఉందని తేలింది మాత్రం 1970లో! 1971కల్లా ఈ మందు స్త్రీలలో పాలు ఆపిందన్న ఫలితాలు అచ్చయ్యాయి. నెలసరులు తిరిగొచ్చాయి, కడుపులు పండాయి. గడ్డతోనే గర్భిణి అయినవాళ్లను ఎలా కాచుకోవాలన్న ప్రశ్న అక్కడే పెద్దదైంది.

కాన్పు నొప్పులు తెప్పించడానికి మంత్రసానులు ఎర్గాట్ వాడేవాళ్లని 1582లోనే జర్మనీలో లోనిట్సర్ పుస్తకానికెక్కించాడు. మన మంత్రసానులు చూసింది మాత్రం రాతకెక్కక వాళ్లతోనే పోయింది. ఆ నష్టం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

గర్భిణిలో పిట్యూటరీ ఎలాగూ ఉబ్బుతుంది. ప్రొలాక్టిన్ కూడా ఎలాగూ పెరుగుతుంది కాబట్టి దాన్ని కొలిచి లాభం లేదు. గడ్డ సెంటీమీటరు లోపుంటే గర్భం ఖాయమవగానే గడ్డకు వాడే మాత్ర ఆపేస్తారు. నూటికి ఇద్దరు ముగ్గురికే గడ్డ పెరిగి ఇబ్బంది వస్తుంది. పెద్ద గడ్డయితే ఇరవై మంది దాకా అవస్థపడొచ్చు, అందుకే కొందరికి మాత్ర కొనసాగిస్తారు. గడ్డ పైకి పెరిగి చూపు నరాల్ని నొక్కితే ముందు పోయేది పక్క చూపు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర హైవే దాటే గర్భిణికి ఎదుటి బడ్డీకొట్టు కనిపిస్తూ, పక్కనుంచి వచ్చే లారీ కనబడకపోవచ్చు. డాక్టరు ఎదురుగా కూర్చుని, ఆమె ఒక కన్ను మూయించి, తన వేలును పక్కనుంచి మెల్లగా లోపలికి తెస్తూ "ఎప్పుడు కనిపించిందమ్మా?" అని అడగడం అందుకే. తగ్గని తలనొప్పి, మసక చూపు ఉంటే రంగుమందు ఎక్కించకుండా ఎంఆర్ఐ తీస్తారు. మాత్ర మళ్లీ మొదలెడతారు. దానికీ లొంగకపోతే ముక్కులోంచి వెళ్లి ఆపరేషన్, వీలైతే గర్భం నాలుగో, అయిదో, ఆరో నెలలో ఉండగా. నెలలు నిండబోతుంటే ముందు కాన్పు.

కాన్పయ్యాక గడ్డ నిదానంగా ఉంటే బిడ్డకు పాలివ్వొచ్చు. మాత్ర వేస్తే పాలు ఇగిరిపోతాయి గనక, బిడ్డ పాలు మానేదాకా అది డబ్బాలోనే ఉంటుంది.