స్టువర్టుపురం యువత – నేర నివారణ: సెటిల్‌మెంటు బడి నుంచి అనియత విద్య దాకా

బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం చరిత్రను నేరాల చరిత్రగా చదవడం తెలుగునాట స్థిరపడిన అలవాటు. ఆ ఊరు ఏర్పడిందే నేర నివారణ పేరిట అన్న సంగతి అంతగా చర్చకు రాలేదు. 1871లో ఉత్తర భారతంలో అమలులోకి వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 నాటి కొత్త రూపంలో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. దాని ఆధారంగా 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఈ సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వ ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరునే దానికి పెట్టారు.

అక్కడికి చేర్చబడినవారిలో అధికులు ఎరుకలవారు. గాడిదలపై, ఎద్దులపై ఉప్పు, ధాన్యం, కరివేపాకు మోసుకొని తీరం నుంచి లోపలి గ్రామాలకు తిరిగిన సంచార వర్తకులు వీరు. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల అన్న శాఖల పేర్లే ఇందుకు సాక్ష్యం. రైలు మార్గాలు, ప్రభుత్వ ఉప్పు విధానం కలిసి ఈ వర్తకాన్ని దెబ్బతీశాయని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ నిరూపించారు. జీవనోపాధి కోల్పోయిన సమూహాన్ని పుట్టుకతో నేరస్థ సమూహంగా నమోదు చేయడం ఈ కథలో అసలు మలుపు.

1911 చట్టం పిల్లల విషయంలో మరింత కఠినమైనది. ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్లలోపు ఉన్నవారిని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారాన్ని అది ప్రభుత్వానికి ఇచ్చింది. నేరం చేసినట్లు రుజువు కానక్కరలేదు. ఆ కులంలో పుట్టడమే చాలు. సెటిల్‌మెంటులో బడి ఉంది, పని ఉంది, చీరాల పొగాకు కంపెనీలో కూలీ ఉంది. లేనిది అనుమతి లేకుండా గడప దాటే స్వేచ్ఛ. అక్షరమూ హాజరు పిలుపూ ఒకే చోట నడిచినప్పుడు పిల్లవాడికి ఏది చదువో ఏది శిక్షో వేరుగా తోచే అవకాశం తక్కువ. దీనిని విద్య అనడం కంటే కాపలా అనడమే సమంజసం.

మద్రాసులో 1947లోనే రద్దయిన చట్టం దేశమంతటా 1952లో రద్దయింది. అయితే మరుసటి ఏడాదే, 1948లో, మద్రాసు ప్రభుత్వం అలవాటుగా నేరం చేసేవారిపై ఆంక్షల చట్టం తెచ్చింది. ముద్ర తొలగినా నిఘా తొలగలేదు.

1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు ఇక్కడ చేపట్టిన కృషి ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది. హేమలత గుర్రం జాషువా కుమార్తె, లవణం గోరా కుమారుడు. అస్పృశ్యతా వ్యతిరేక దృష్టి ఇద్దరికీ ఇంటి నుంచే వచ్చింది. సంస్కార్ సంస్థ ద్వారా వారు సాగించిన పని ఇళ్లకు వెళ్లడంతో, స్త్రీలతో, పిల్లలతో మాట్లాడటంతో మొదలైంది. సెటిల్‌మెంటు పద్ధతికి ఇది పూర్తిగా విరుద్ధం: సంస్కరణకు ఇక్కడ తొలి షరతు సమ్మతి. అనియత విద్యకు జీవం కూడా అదే. బడి వేళలు కుదరని, బడిలో పేరు చెప్పగానే వేరుగా చూడబడే పిల్లవాడికి చదువు తన వాడకే రావాలి. 1978 అక్టోబరు 2న ప్రారంభమైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 15–35 ఏళ్లవారిని లక్ష్యంగా పెట్టుకున్నది. కానీ నిరక్షరాస్యత వేరు, అనుమానితుడిగా పెరగడం వేరు. రెండవదానికి పాఠ్యప్రణాళిక లేదు.

సామాజిక సేవ యువకుడిని మార్చగలదు, అతనిని చూసే చూపును మార్చడం దాని ఒక్కదాని వల్ల కాదు. 1991లో యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో చిరంజీవి నటించిన చిత్రానికి స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్ అనే పేరు పెట్టారు. అప్పటికి చట్టం రద్దయి నాలుగు దశాబ్దాలు కావస్తోంది. ఊరి పేరు మాత్రం ఇంకా దొంగతనానికి పర్యాయపదంగానే తెరకెక్కుతోంది.