పట్టా మీద ‘జి’

కాజీపేట రైల్వే కాలనీలో మా తాత ఉన్న క్వార్టరుకు పాత పట్టా ముక్కే గేటు స్తంభం. తుప్పు కింద ‘ఎన్.జి.ఎస్.ఆర్.’ అన్న ఉబ్బెత్తు అక్షరాలు చేతికి తగిలేవి. ఫిట్టరు పని చేసిన తాత వాటిని విడమరిచి చెప్పేవాడు: నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ‘జి’ దగ్గర మాత్రం వేలు ఆపి, “మన శిస్తంత దీంట్లకే పోయింది బిడ్డా” అనేవాడు.

1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు వేసిన మొదటి లైనుకు సొమ్ము నిజాం సర్కారుది, అవసరం ఇంగ్లీషు దండుది. దాన్ని ఓరుగల్లు మీదుగా బెజవాడకు, చాందా (చంద్రపూర్) వైపుకు పొడిగించడానికి 1883లో లండన్‌లో కంపెనీ పెట్టారు. వాటాదారుల పెట్టుబడి మీద ఏటా 5 శాతం, 20 ఏళ్లపాటు, నిజాం ప్రభుత్వం హామీ. రైలు అంత సంపాదించకపోతే తక్కువపడింది ఖజానా పూడ్చాలి. ఖజానాకు పెద్ద ఆదరువు భూమి శిస్తు. రైలెక్కని రైతు కూడా లండన్ వడ్డీకి పూచీ పడ్డాడన్నమాట.

ఈ బేరం షరతులు జనం ముందు పెట్టమని అడిగినవాళ్లు అప్పుడే ఉన్నారు. అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం ముందు నిలబడ్డారు. చాందా రైల్వే ఆందోళన అంటారు దాన్ని. అఘోరనాథ్‌ను ఆ ఏడే రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. ఆయన కూతురు, తర్వాత సరోజినీ నాయుడుగా పేరొందిన సరోజినికి అప్పటికి నాలుగేళ్లు. లెక్క చూపమన్నందుకు ఇంత శిక్షా అని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

రైలు మేలు చేయలేదని అనను. 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరింది. డోర్నకల్ మీదుగా ఇల్లెందు బొగ్గు కదిలింది. బల్లార్షా లైను కలిశాక కాజీపేట జంక్షనై మా ఇంటికి అన్నం పెట్టింది.

1930లో సర్కారు కంపెనీని కొనేసింది. పేరులోంచి ‘జి’ పోయింది. రెండేళ్లకే, 1932 జూన్‌లో, సొంతమైన ఆ రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. 1951లో అది రైల్వే నుంచి విడిపోయింది, 1958లో ఆర్టీసీ అయింది. మా తాత మాత్రం చివరిదాకా హన్మకొండ బస్సును రైల్వే బస్సనే పిలిచాడు.