కొసలు లెక్కపెట్టుకునే ఈస్ట్



తాడు కొసకు ముడి ఎందుకు వేస్తాం? పురి విడిపోకుండా ఉండటానికి. మన కణాల్లో వంశ లక్షణాలను మోసే క్రోమోజోముల కొసలకూ అటువంటి రక్షణ ఒకటి ఉంది. దాని పేరు టెలోమియర్. గ్రీకులో టెలోస్ అంటే చివర, మెరోస్ అంటే భాగం. 1938లో హెర్మన్ ముల్లర్ పెట్టిన పేరిది. మీ పిల్లలు బడిలో కన్నడంలో చదివినా, తమిళంలో చదివినా ఈ మాట మాత్రం మారదు.

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. కణం రెండుగా విడిపోయే ముందు తన డి.ఎన్.ఎ.కు నకలు తీసుకుంటుంది. ఆ నకలు చిట్టచివరి దాకా సాగదని 1971లో సోవియట్ యూనియన్‌లో ఒలోవ్నికోవ్, 1972లో అమెరికాలో వాట్సన్ చెప్పారు. అంటే ప్రతి విభజనకూ కొస కొంత తరగాలి. మరి రొట్టెను పొంగించే, కల్లును పులియబెట్టే ఈస్ట్ తరతరాలుగా అరిగిపోకుండా ఎలా ఉంది?

జవాబుకు దారి చెరువు నీటిలో దొరికింది. అక్కడ టెట్రాహైమినా అనే ఏకకణ జీవి ఉంటుంది. దాని కొసల్లో ఆరక్షరాల వరుస ఒకటే మళ్లీ మళ్లీ వస్తుందని ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్ 1978లో ప్రకటించారు. 1980లో ఒక సమావేశంలో ఈ సంగతి విన్న జాక్ షోస్టాక్ ఆమెతో చేయి కలిపారు. టెట్రాహైమినా కొసలను తగిలించిన డి.ఎన్.ఎ. ముక్కను ఈస్ట్‌లో పెట్టి చూశారు. అది చెక్కుచెదరలేదు. 1982లో ఆ ఫలితం అచ్చయింది. రెండేళ్లకు మరో వింత బయటపడింది. ఆ పరాయి కొసల మీద ఈస్ట్ తన సొంత అక్షరాలను చేర్చుకుంటోంది! అయితే చేర్చే ఎంజైము ఏదో ఉండాలి కదా? 1984 క్రిస్మస్ నాడు, బ్లాక్‌బర్న్ దగ్గర చదువుకుంటున్న కరోల్ గ్రైడర్‌కు టెట్రాహైమినాలో దాని జాడ దొరికింది. అదే టెలోమరేజ్. ఆ ముగ్గురికీ 2009లో నోబెల్ బహుమతి లభించింది.

1989లో విక్టోరియా లుండ్‌బ్లాడ్, షోస్టాక్ ఒక జన్యువు చెడిన ఈస్ట్‌ను పరిశీలించారు. దాని కొసలు తరతరానికీ కురచబడ్డాయి, చివరకు చాలా కణాలు చనిపోయాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. చేర్చే ఎంజైము ఉన్నప్పుడు కొసలు అంతులేకుండా ఎందుకు పెరగవు? ఈస్ట్‌లో వాటి పొడవు సుమారు 300 అక్షరాల జతల దగ్గరే నిలుస్తుంది. 1997లో మార్కాండ్, గిల్సన్, షోర్ దీనికి సమాధానం చెప్పారు. కొస మీద ర్యాప్1 అనే ప్రొటీన్లు వరుసగా కూర్చుంటాయి. కొస పొడవైతే ఎక్కువ, కురచైతే తక్కువ. కణం లెక్కించేది ఈ ప్రొటీన్లనే. లెక్క నిండితే రిఫ్1, రిఫ్2 అనే తోడు ప్రొటీన్లతో కలిసి అవి టెలోమరేజ్‌ను దూరం పెడతాయి. తగ్గితే రానిస్తాయి. అన్నిటికీ ఒకేసారి పంచడం కూడా లేదు. కురచ కొసలకే ముందు వంతు అని 2004లో తేలింది.

శ్రోతలారా, ఈ లెక్క మనకెందుకు? మన శరీరంలో చాలా కణాల్లో టెలోమరేజ్ దాదాపు ఆగి ఉంటుంది. క్యాన్సర్లలో మాత్రం 85 నుంచి 90 శాతం వాటిలో అది మళ్లీ పనిచేస్తుంది. ఆ కణాలు ఆగకుండా విభజన చెందడానికి అదొక కారణం. కొస మరీ తరిగితే కణానికి చేటు, అదుపు లేకుండా పెంచుకుంటే ఒంటికే చేటు. టెలోమియర్ పెంచి వయసు తగ్గిస్తామనే ప్రకటన ఎప్పుడైనా మీ చెవిన పడితే, కొసలను ఎంతవరకు పెంచాలో లెక్కచూసుకునే ఈ ఈస్ట్‌ను ఒకసారి తలుచుకోండి.