ల్యూజ్ క్రీడలో భద్రత

ల్యూజ్ శీతాకాలపు ఒలింపిక్ క్రీడలలో ఒకటి. గడ్డకట్టిన మంచుతో నిర్మించిన, మెలికలు తిరిగిన కాలువ వంటి ట్రాక్‌లో, చక్రాలు లేని చిన్న బండి (స్లెడ్) మీద వెల్లకిలా పడుకొని, కాళ్ళు ముందుకు చాచి జారుతూ గమ్యం చేరడమే ఈ క్రీడ. దీనిలో వేగం గంటకు 130 కి.మీ. దాటడం సాధారణం. 2010 వాంకోవర్ ఒలింపిక్స్ సందర్భంగా జార్జియా దేశపు క్రీడాకారుడు నోదార్ కుమారితాష్విలి మరణించిన తరువాత ఈ క్రీడలో భద్రత ప్రపంచవ్యాప్తంగా చర్చనీయాంశమైంది.

ప్రమాదానికి మూలం

స్లెడ్ అడుగున రెండు ఉక్కు పట్టీలు ఉంటాయి. దీనికి బ్రేకులు ఉండవు. క్రీడాకారుడు పిక్కలతో బండి ముందు కొనలను నొక్కుతూ, భుజాలను కదిలిస్తూ దిశను మారుస్తాడు. గాలి నిరోధం తగ్గించుకోవడానికి తల వెనుకకు వాల్చి పడుకుంటాడు కనుక ముందున్న దారి కొద్దిగా మాత్రమే కనిపిస్తుంది. మలుపులలో శరీరంపై పడే బలం గురుత్వాకర్షణకు ఐదు రెట్ల వరకు ఉండవచ్చు. ఫలితాన్ని సెకనులో 1000వ వంతు వరకు లెక్కిస్తారు. అందువల్ల వేగాన్ని స్వచ్ఛందంగా తగ్గించుకునేవారు ఉండరు. రక్షణగా ధరించేది ప్రధానంగా హెల్మెట్ మాత్రమే.

గతి శక్తి వేగం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. మలుపులో కావలసిన అభికేంద్ర బలం కూడా అంతే. కనుక వేగంలో స్వల్పంగా కనిపించే పెరుగుదల ప్రమాద తీవ్రతను ఎక్కువగా పెంచుతుంది.

పూర్వ సంఘటనలు

ల్యూజ్ ఒలింపిక్స్‌లో మొదటిసారిగా 1964లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రూక్‌లో ప్రవేశించింది. ఆ పోటీలకు ముందు సాధనలోనే బ్రిటన్ క్రీడాకారుడు కజిమియెర్జ్ కే-స్క్రిపెస్కీ మరణించాడు. అదే ఒలింపిక్స్ సాధనలో ఆస్ట్రేలియా స్కీయింగ్ క్రీడాకారుడు రాస్ మిల్న్ కూడా మరణించాడు. 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన స్పీడ్ స్కీయింగ్ క్రీడాకారుడు నికోలా బోషాటే, మంచును చదును చేసే వాహనాన్ని ఢీకొని చనిపోయాడు.

2010 దుర్ఘటన

కెనడాలోని విస్లర్ ట్రాక్ వాంకోవర్ ఒలింపిక్స్ కోసం కొత్తగా నిర్మించబడింది. మొత్తం మీద 152 మీటర్ల ఎత్తు నుండి దిగే ఈ ట్రాక్ ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన ట్రాక్‌లలో ఒకటి. ట్రాక్ రూపకర్తలు గరిష్ఠ వేగం గంటకు సుమారు 137 కి.మీ. ఉంటుందని లెక్కించారు. కాని క్రీడాకారులు సుమారు 154 కి.మీ. వేగాన్ని అందుకున్నారు. పైన చెప్పిన సూత్రం ప్రకారం దీని అర్థం గతి శక్తి నాలుగో వంతుకు పైగా పెరగడం. ఈ తేడాపై అంతర్జాతీయ ల్యూజ్ సమాఖ్య అధ్యక్షుడు జోసెఫ్ ఫెంట్ 2009 మార్చిలోనే లేఖ రాశారు.

2010 ఫిబ్రవరి 12న, ప్రారంభోత్సవానికి కొన్ని గంటల ముందు, 21 ఏళ్ళ కుమారితాష్విలి సాధనలో చివరిదైన 16వ మలుపు వద్ద అదుపు తప్పాడు. అప్పటి వేగం గంటకు సుమారు 144 కి.మీ. అతడు గోడ మీదుగా ట్రాక్ బయటికి ఎగిరి, మెత్తని కవచం ఏదీ లేని ఉక్కు స్తంభానికి తగిలి మరణించాడు.

ఆ వెంటనే గోడ ఎత్తు పెంచారు, స్తంభాలకు మెత్తలు చుట్టారు. పురుషుల పోటీ ప్రారంభ స్థానాన్ని మహిళల ప్రారంభ స్థానానికి దించి వేగం తగ్గించారు. అయితే ఈ చివరి మార్పు ప్రధానంగా క్రీడాకారుల మనఃస్థితిని దృష్టిలో ఉంచుకొని చేసినదని సమాఖ్య అధికారులు చెప్పారు.

బాధ్యతపై చర్చ

మలుపు నుండి ఆలస్యంగా బయటపడిన క్రీడాకారుడు దానిని సరిదిద్దుకోలేకపోవడమే కారణమని సమాఖ్య పేర్కొంది. ఆటలో జరిగే ఏ పొరపాటూ మరణానికి దారితీయకూడదని నాటి జార్జియా అధ్యక్షుడు మిఖాయిల్ సాకాష్విలి వ్యాఖ్యానించారు. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. అదుపు ఎందుకు తప్పిందనేది ఒక ప్రశ్న. అదుపు తప్పిన మనిషి స్తంభాన్ని ఎందుకు చేరగలిగాడనేది మరొక ప్రశ్న. మొదటిదానికి సమాధానం క్రీడాకారుని నైపుణ్యంలోను, రెండవదానికి ట్రాక్ నిర్మాణంలోను వెదకవలసి ఉంటుంది.

బ్రిటిష్ కొలంబియాలో ఆకస్మిక మరణాలను విచారించే అధికారి (కరోనర్) 2010 అక్టోబరులో దీనిని ప్రమాదవశాత్తు జరిగిన మరణంగా నిర్ధారించారు. కొత్త ట్రాక్‌పై క్రీడాకారులకు మరింత సాధన అవకాశం కల్పించాలని సూచించారు. ఆతిథ్య దేశం వారికి తమ ట్రాక్‌పై ఇతరులకంటే ఎక్కువ సాధన లభించడం అప్పటికే విమర్శకు గురైంది.

అనంతర మార్పులు

2014 ఒలింపిక్స్‌కు రష్యాలోని సోచి వద్ద నిర్మించిన ట్రాక్‌లో, వేగాన్ని గంటకు సుమారు 135 కి.మీ.కు పరిమితం చేసే ఉద్దేశంతో మూడు చోట్ల ఎగువకు వెళ్ళే భాగాలు ఏర్పాటు చేశారు. బ్రేకులు లేని బండికి ఈ విధంగా ట్రాక్ ద్వారానే వేగం తగ్గించవచ్చు.

భారతదేశం

హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన శివ కేశవన్ 1998 నుండి 2018 వరకు ఆరు శీతాకాలపు ఒలింపిక్స్‌లో ల్యూజ్‌లో పాల్గొన్నాడు. వాంకోవర్‌లో కూడా పోటీ చేశాడు. దేశంలో ఒలింపిక్ స్థాయి కృత్రిమ ట్రాక్ లేనందున చక్రాలు అమర్చిన బండితో హిమాలయాలలోని రహదారులపై, వాహనాల నడుమ సాధన చేసేవాడు. 2014లో సోచి సాధనలో స్లెడ్ నుండి జారిపడి, ట్రాక్‌పైనే తిరిగి దానిపైకి ఎక్కగలిగాడు.

2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో నోదార్ బంధువు సాబా కుమారితాష్విలి జార్జియా తరపున ల్యూజ్‌లో పోటీ చేశాడు.