వెబ్ పేజీలో గళ్ళకు పేర్లు వచ్చిన చరిత్ర

అచ్చు పుస్తకంలో పుట కొలత ముందే నిర్ణయమై ఉంటుంది. శీర్షిక ఎక్కడ, బొమ్మ ఎక్కడ అన్నది ఒకసారి తేల్చుకుంటే చాలును. ఆ పుట ఎవరి చేతికి వెళ్ళినా మారదు. వెబ్ పేజీ అట్టిది కాదు. ఒకే పేజీని ఒకరు వెడల్పయిన కంప్యూటర్ తెరమీద, మరొకరు అరచేతిలోని ఫోనుమీద చదువుతారు. చూపులేనివారు స్క్రీన్ రీడర్ అనే సాధనం ద్వారా దానిని వింటారు. ఈ ముగ్గురికీ ఒకే పేజీ పనికిరావడమెట్లా? ఈ ప్రశ్నకు తగిన సమాధానం దొరకడానికి ఇరవై సంవత్సరాలకు పైగా పట్టినది.

1989లో జెనీవా సమీపాన ఉన్న సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించినాడు. దానికై ఏర్పడిన హెచ్.టి.ఎమ్.ఎల్. భాష ఇది శీర్షిక, ఇది పేరా అని మాత్రమే చెప్పేది. రూపాన్ని వేరుగా నిర్దేశించే సి.ఎస్.ఎస్. అనే పద్ధతిని 1994 అక్టోబరులో నార్వే దేశీయుడైన హోకన్ వియుం లీ ప్రతిపాదించినాడు. డచ్చి దేశీయుడైన బెర్ట్ బాస్ అతనితో కలిసి పనిచేసినాడు. 1996 డిసెంబరులో ఆ పద్ధతి ప్రమాణంగా వెలువడినది. రంగులు, అక్షరాల తీరు, అంచులు దానితో చక్కబడినవి. కాని పేజీని నిలువు, అడ్డు భాగాలుగా విభజించే సరియైన ఉపాయం మాత్రం అందులో లేదు.

అందువల్ల రూపకర్తలు పట్టికలను ఆశ్రయించినారు. మార్కుల జాబితా వంటి వాటికోసం ఏర్పడిన పట్టిక, పేజీకి చట్రమైనది. ఖాళీ స్థలం కావలసినచోట కంటికి కనపడని చిన్న బొమ్మలను ఇరికించేవారు. చూచేవారికి పేజీ అందంగానే ఉండేది. వినేవారి అవస్థ వేరు. స్క్రీన్ రీడర్ పట్టికను గడి తరువాత గడిగా, వరుస తరువాత వరుసగా చదువుతుంది. పక్కపక్కన ఉన్న రెండు వ్యాసాలు అనేక వరుసలలో పరచుకొని ఉంటే, దీని ముక్క ఒకటి, దాని ముక్క ఒకటిగా చెవిని పడేవి. వరుసగా చదివినపుడు అర్థం నిలిచేటట్లయితే తప్ప పట్టికలను అమరికకు వాడరాదని 1999 మే నెలలో వెలువడిన సౌలభ్య సూత్రాలు చెప్పినవి.

2005లో బెర్ట్ బాస్ ఒక కొత్త ఊహను ముసాయిదాగా ప్రకటించినాడు. పేజీ పటాన్ని అక్షరాలతోనే గీయవచ్చునన్నదే ఆ ఊహ. ఒక అక్షరం ఎన్ని గళ్ళలో కనిపిస్తే అన్ని గళ్ళూ ఒకే భాగమవుతవి. అది ఆ రూపంలో ప్రమాణం కాలేదు. 2011లో మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు గ్రిడ్ అనే గళ్ళ చట్రాన్ని ప్రతిపాదించినారు. ఆ చట్రం రూపుదిద్దుకొన్న క్రమంలో ఒక్క అక్షరానికి బదులు పూర్తి పేరు వాడే ఏర్పాటు వచ్చినది. 2017 మార్చిలో, ఒకే నెలలో, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారి బ్రౌజర్లు దానిని అమలులో పెట్టినవి.

ఈ పద్ధతిలో పేజీ పటం ఇట్లా ఉంటుంది:

"శీర్షిక శీర్షిక"
"సూచిక వ్యాసం"
"పాదం పాదం"

ఒక్కొక్క పంక్తి ఒక్కొక్క అడ్డువరుస. ఒక్కొక్క పేరు ఒక్కొక్క గడి. శీర్షిక రెండు గళ్ళనూ ఆక్రమించినది. ఖాళీ గడికి పేరుకు బదులు చుక్క పెట్టవలెను. అన్ని వరుసలలోను గళ్ళ సంఖ్య సమానంగా ఉండవలెను. ఒకే పేరుగల గళ్ళు కలిసి దీర్ఘచతురస్రం కావలెను. వంకరగా ఉంటే బ్రౌజర్ ఆ పటాన్నే త్రోసిపుచ్చుతుంది. ఫోనుకోసం నాలుగు పేర్లనూ ఒకదాని క్రింద ఒకటిగా వ్రాసిన రెండవ పటం ఇస్తే చాలును. అసలు విషయంలో ఒక్క అక్షరమైనా మార్చనక్కరలేదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. పటం మార్చేది కంటికి కనిపించే స్థానాన్ని మాత్రమే. స్క్రీన్ రీడర్ సాధారణంగా హెచ్.టి.ఎమ్.ఎల్.లో వ్రాసిన క్రమాన్నే అనుసరిస్తుంది. ముగింపును ముందు వ్రాసి, పటంతో అడుగుకు దింపితే చూచేవారికి తేడా తెలియదు. వినేవారికి మాత్రం కథ తలక్రిందులవుతుంది. కనుక విషయాన్ని ముందు చదువదగిన క్రమంలో వ్రాసి, పటాన్ని ఆ తరువాతనే గీయవలెను.

పైపటంలోని తెలుగు పేర్లు కేవలం వివరణకోసం పెట్టినవి కావు. సి.ఎస్.ఎస్. నియమాలు ఇటువంటి పేర్లలో ఇతర భాషల లిపులను కూడ అనుమతిస్తవి. గళ్ళ కాగితం మీద పేజీని గీసి, భాగాలకు పేర్లు పెట్టిన విద్యార్థి ఆ పేర్లనే యథాతథంగా కంప్యూటర్‌కు అందించవచ్చును.